కుడివైపు గదిలో పెద్దాయన

ఆ శనివారం చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి.

కారుతున్న కుళాయికి మనిషిని పిలవాలి. మేడ మీద ఆరేసిన దుప్పట్లు తీయాలి. సోమవారానికల్లా ఆఫీసు డ్రాయింగులు సరిచూసి పెట్టాలి. బాబాయికి ఫోన్ చేసి బాగానే ఉన్నానని చెప్పాలి.

కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలి.

ఆ చివరిది తప్ప మిగతావన్నీ ఆమె పొద్దున్నే ముగించేసింది. ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివిన పిల్ల. అప్పగించిన పని వాయిదా వేయడం ఆమెకు చేతకాదు.

ఈ ఒక్క పనికే కాళ్ళు రావడం లేదు.

ఇప్పటికి ముగ్గురయ్యారు. ఒకాయన ఆమె తల మీదుగా గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. ఇంకొకావిడ "మా అత్తగారు పోయినప్పుడు నాకూ ఇంతే!" అంటూ తన గోడు మొదలుపెట్టింది. ఆవిణ్ణి ఓదార్చి రావాల్సి వచ్చింది. మూడో ఆయన అసలు సంగతి వినకుండానే ఊపిరి ఎలా పీల్చాలో నేర్పి పంపాడు.

"ఊపిరి పీల్చడం వచ్చు కాబట్టేగా అక్కడిదాకా నడిచి వెళ్ళాను!" అంటే స్నేహితురాలు పడీ పడీ నవ్వి, ఈ చోటు చెప్పింది.

ఇక్కడ తలుపులకు పేర్లుండవు. గదుల్లో బల్లలుండవు. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అనిపించకూడదని రెండు కుర్చీలూ ఒకేలాంటివి ఎదురెదురుగా వేస్తారు.

రిసెప్షన్‌లో అమ్మాయి ఫోన్‌లో మాట్లాడుతూనే, లోపలికి వెళ్ళమని చెయ్యి ఊపింది.

కుడివైపు తలుపు తెరిచి ఉంది. లోపల నెరిసిన జుట్టు పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డారు.

"అమ్మా, నేను..."

"ఒక్క నిమిషం సార్! మీరు ఆపితే నేనిక చెప్పలేను. ముగ్గురి దగ్గర నోటిదాకా వచ్చిన మాట మింగేశాను."

పెద్దాయన తలుపు వంక చూశారు. అప్పటికే ఎదుటి కుర్చీ అంచున కూర్చున్న ఆమె వంక చూశారు. మెల్లగా కూర్చున్నారు.

"చెప్పమ్మా."

"మా అక్క పోయింది సార్. నన్ను పెంచింది, చదివించింది తనే. నా పరీక్షలయ్యేదాకా జబ్బు సంగతి దాచేసింది. అంత ప్రేమ ఎవరికుంటుందే అంటారు అందరూ. నాకు మాత్రం..." బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. "నాకు అక్క మీద కోపం సార్. ఒళ్ళు మండేంత కోపం. పైకి అంటే, నువ్వు మనిషివేనా అంటారు."

"కోపం రాదూ మరి! పక్కన కూర్చునే నాలుగు రోజులూ లేకుండా చేసిందాయె."

ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది.

అంతలో ఒకావిడ తలుపు దగ్గర తొంగిచూసింది.

"కాసేపు మా ఇద్దర్నీ వదిలెయ్యమ్మా," అన్నారు పెద్దాయన. ఆవిడ తల ఊపి తలుపు దగ్గరగా వేసింది.

"మీ అక్క నిన్నేమని పిలిచేది?"

"పిడుగా అని."

"చూస్తే అలా లేవే! తడిసిన పిల్లిపిల్లలా కూర్చున్నావు. ఆ తిట్టేదేదో గట్టిగా తిట్టు మీ అక్కని. నేను వింటాను."

ఆమె ఫక్కున నవ్వింది. నవ్వు సగంలోనే ఏడుపైంది. అక్క పోయాక అదే మొదటి ఏడుపు.

పెద్దాయన ఊరుకోమనలేదు. ఆయన కళ్ళూ తడిశాయి.

"ఇక మీ దగ్గరికే వస్తాను సార్," అంది వెళ్ళేటప్పుడు.

ఆయన ఏదో చెప్పబోయి, నవ్వి ఊరుకున్నారు.

వారమంతా ఆమె శనివారం కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూసింది. అక్కతో పోట్లాడిన కబుర్లు, మళ్ళీ కలిసిపోయి ఒకే దుప్పట్లో ముడుచుకున్న కబుర్లు, అన్నీ ఆయనకు చెప్పాలి.

కుడివైపు గది ఖాళీగా ఉంది.

"పెద్దాయన రాలేదా?"

"లేదండీ," అంది రిసెప్షన్ అమ్మాయి. "ఫోన్ చేస్తుంటే తీయడం లేదు."

"సెలవు పెట్టారా?"

"సెలవేంటండీ? ఆ రోజు తొంగిచూసిన మేడం దగ్గరికే కదా ఆయన వచ్చింది! మీరు వాళ్ళమ్మాయి కాదా!"

ఇప్పుడు ఆమె, ఆ రోజు అసలు వెళ్ళాల్సిన ఎడమవైపు గదిలో మేడం దగ్గరికి వెళుతోంది. మంచి మేడమే. అయినా పక్క గది తలుపు చప్పుడైతే చాలు, ఆమె మాట మధ్యలో ఆగిపోతుంది. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఇక మీరు చెప్పండి" అనాలని ఆమెకు ఎంత ఆశో!

ఆ పెద్దాయనను మీరైనా గుర్తుపెట్టుకోండి: ఆయన అక్కడి కౌన్సెలర్ కాదు, ఎన్నాళ్ళ బాధనో మొదటిసారి చెప్పుకుందామని వచ్చి, తన వంతు ఆమెకిచ్చేసి, ఏమీ చెప్పుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయిన మనిషి.