పదిహేనేళ్లు ఆగాల్సిన సీసా

“ఇది ఇవాళ తాగే సరుకు కాదు గురువుగారూ, చెప్తే వినరేం!” అన్నాడు వైన్ దుకాణదారు.

ముసలాయన వింటే కదా! వైన్ గ్లాసును కిటికీ వెలుగులోకి వంచి రంగు చూశాడు. అంచుదాకా నేరేడుపండు రంగే. రెండేళ్ల కిందటి ద్రాక్షపంటతో చేసిన బోర్డో అనే ఫ్రెంచి వైన్ అది. ఒక గుక్క నోట్లో పోసుకుని, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, పక్కనున్న గిన్నెలో ఉమ్మాడు.

దుకాణదారుకి ఈ విద్య నేర్పింది ఆయనే. ఇప్పుడు చేతికర్ర లేనిదే గడప దాటలేడు గానీ, పొగరు మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

ముసలాయన కూతురు దుకాణదారు పక్కకొచ్చి గొంతు తగ్గించింది. “ఆసుపత్రి నుంచి నేరుగా ఇక్కడికే వచ్చాం అన్నయ్యా. ఆరు నెలలన్నాడు డాక్టరు. నాన్న ఒప్పుకోవడం లేదు. ఇవాళే తాగగలిగేది ఏదైనా ఇచ్చి పంపించు.”

దుకాణదారు గబగబా లోపలికెళ్లి, బాగా పాతబడి పదునుకొచ్చిన సీసా ఒకటి తెచ్చాడు.

“ఇది పట్టుకెళ్లండి గురువుగారూ. గొంతులో హాయిగా జారుతుంది. డబ్బులొద్దు.”

“నీ జాలి నీ దగ్గరే ఉంచుకో.” ముసలాయన తన గ్లాసు అతని ముందుకు నెట్టాడు. “ముందు ఇది రుచి చూసి చెప్పు.”

పచ్చి జామపిందె కొరికినట్టు చిగుళ్లు బిగుసుకుపోయాయి. పులుపు దవడల్ని లాగేసింది. “వగరండీ. వట్టి వగరు,” అన్నాడు దుకాణదారు ఉమ్మేసి.

“తొందరపడకు. ఇప్పుడో?”

వగరు వెనకాల నుంచి పండు రుచి మెల్లగా వచ్చింది. వచ్చింది వచ్చినట్టు అక్కడే బైఠాయించింది. “పండుంది. బోలెడంత ఉంది.”

“మరి! ఆ వగరూ పులుపూ ఉన్నాయి కాబట్టే ఇది నిలబడుతుంది. మెతకవన్నీ మూడేళ్లకే చతికిలబడతాయి. దీన్ని పదిహేనేళ్లు చీకట్లో పడుకోబెడితే అప్పుడు మాట వింటుంది. అప్పుడే తాగుతాం.”

“ఎవరు నాన్నా తాగేది?” అడిగింది కూతురు.

“మనిద్దరం. ఆ డాక్టర్ని కూడా పిలుస్తాను. వచ్చి గ్లాసులు కడుగుతాడు.”

ఆమె ఏడవబోయి నవ్వేసింది. తర్వాత మొండిగా గడ్డం పైకెత్తింది, అచ్చం తండ్రిలాగే. “ఒకటేం సరిపోతుంది? రెండివ్వు అన్నయ్యా.”

ముసలాయన సంచీ భుజానికి తగిలించుకుని, కర్ర టకటకలాడిస్తూ కారువైపు నడిచాడు. దుకాణదారు కళ్లు తుడుచుకుని ఆమెను గుమ్మంలో ఆపాడు. “గురువుగారిని జాగ్రత్తగా చూసుకో తల్లీ. ఈ ఆరు నెలలూ ఏం కావాలన్నా నాకు చెప్పు.”

“నాన్నకేం, గుండ్రాయిలా ఉన్నాడు,” అందామె.

“ఆరు నెలలన్నది నాకు.”