చెయ్యి పడిన మిల్లు

"మూతపడిన మిల్లుకు బతికుండాదని కాగితమేందమ్మా?" అన్నాడు గుమాస్తా రాజారత్నం, తలెత్తకుండానే.

వరదమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. నగరి నుంచి చిత్తూరు రిజిస్ట్రారు ఆఫీసుకు రావడం ఇది ఆరోసారి. మొదటిసారి సర్వర్ లేదన్నారు. రెండోసారి సంతకం పెట్టే సారు సెలవన్నారు. ఆ తర్వాత పాత రిజిస్టరు దొరకలేదన్నారు, దొరికాక చెదలు దులపాలన్నారు. ఆమె అడుగుతున్నది ఆస్తిపాస్తులు కాదు. సంపంగి సైజింగ్ మిల్లు అనే ఫర్ము సర్కారు లెక్కలో ఇంకా ఉంది, రద్దు కాలేదు అని నాలుగు ముక్కలు, కింద ఒక ముద్ర. సోమవారం జడ్జి ముందు అది పెట్టకపోతే కేసు కొట్టేస్తారని వకీలు తెగేసి చెప్పాడు. ఈరోజు శుక్రవారం.

"తాళం పడింది గేటుకు సార్, పేరుకు గాదు" అంది. "మీ రిజిస్టర్లో కొట్టేసినారా? సూపించండి. కొట్టేసుంటే ఇట్నే పోతా."

రాజారత్నం చూపించలేదు. మిల్లు మీద ఇంత మమకారం ఉన్న మనిషిని తాను చూడలేదనీ, నూలు వ్యాపారమంతా తమిళనాడుకు పోతుంటే ఏ చిల్లరంగడో టీకొట్టో పెట్టుకోక, పడుగుకు గంజి పట్టే మిల్లును పట్టుకుని వేలాడటమేమిటనీ పక్కసీటాయనతో వేళాకోళమాడాడు. పక్కసీటాయన నవ్వాడు.

వరదమ్మ కౌంటరు మీద అరచేత్తో చరిచింది. రబ్బరు స్టాంపు ఎగిరి కిందపడింది.

"నా బిడ్డ చెయ్యి పడిన మిల్లు అది. సచ్చిపోయిందని ఎవుడన్నా నేనొప్పను. నువ్వు రాసిచ్చేదాకా ఈడ్నే కూసుంటా. సాయంత్రం నాతోబాటే తాళమేసుకో."

వెనకాల గోడకు ఆనుకుని నిలబడిన కూతురు లోకేశ్వరి వైపు చూశాడు రాజారత్నం. ఇరవై రెండేళ్లుంటాయి. ఇంత ఎండలోనూ శాలువా నిండుగా కప్పుకుని నేలచూపులు చూస్తోంది. అంత అచ్చొచ్చిన చెయ్యా అని మెత్తబడ్డాడో, తల్లి నోటికి జడిశాడో గానీ, లోపలికి వెళ్లి అరగంటలో కాగితం తెచ్చాడు. ముద్ర తడి ఇంకా ఆరలేదు.

"ఇంద పాపా, నీ చేతిమీదుగానే తీసుకో. మిల్లు మళ్లీ తిరుగుతాది."

లోకేశ్వరి ముందుకొచ్చి ఎడమచెయ్యి చాపింది.

రాజారత్నం కాగితం వెనక్కి లాక్కున్నాడు. "శుభమా అని ఇస్తా ఉంటే ఎడమచెయ్యేంది? ఇంట్లో ఏమీ నేర్పలేదా?"

"కుడిచెయ్యి రోలర్ల నడుమ పడి ఆ మిల్లులోనే పోయింది సార్" అంది వరదమ్మ, "అట్లాంటి మిల్లే లేదని ఓనరు కోర్టులో సెప్తా ఉండాడు."