పక్క మొగ్గలు

డాలియా మొక్కకి నిన్న ఏడు మొగ్గలు. ఇవాళ అయిదు.

ఇంటావిడ మళ్ళీ లెక్కపెట్టింది. మొగ్గలు పెరగలేదు, ఆవిడ రక్తపోటు పెరిగింది.

"ఏమండీ! ఎవరో మొగ్గలు తుంచేశారు."

"పురుగేమో," అన్నాడు భర్త పేపరు వెనకనుంచి.

"పురుగైతే కొరుకుతుంది. ఇది గోళ్ళతో గిల్లింది."

"గోళ్ళున్న పురుగేమో."

ఆ పూట ఆయన కాఫీలో చక్కెర పడలేదు.

ఊళ్ళో పూల పోటీకి ఇంకా నెల రోజులుంది. అసలు ఆవిడ పోటీకి దిగింది పూల మీద ప్రేమతో కాదు, ఎదురింటావిడ మీద పంతంతో. ఆవిడా డాలియా వేసింది. మొన్న గేటు దగ్గర నలుగురి ముందు, "మీ మొక్క బాగుందండీ, ఉల్లిపాయా?" అని అడిగింది. నలుగురూ నవ్వారు. ఆ నవ్వు ఇంటావిడ చెవుల్లో అద్దెకు దిగి ఇంకా ఖాళీ చెయ్యలేదు. మొదటి బహుమతి తెచ్చి ఎదురింటి కిటికీకి సూటిగా పెడితే తప్ప చెయ్యదు కూడా.

మర్నాడు తెల్లవారుతూనే వంటింటి కిటికీ దగ్గర కాపు కాసింది.

పైవాటా ముసలాయన మెట్లు దిగి వచ్చాడు. అద్దెకొచ్చి రెండు నెలలైనా, నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటాడు. అందుకని ఆవిడ ఆయనకి ముత్యాలాయన అని పేరు పెట్టింది.

ముత్యాలాయన మొక్క ముందు గొంతుకూర్చున్నాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. నడిమి మొగ్గ ఒక్కటి వదిలి, మిగిలిన నాలుగూ టుక్కుటుక్కున తుంచి జేబులో వేసుకున్నాడు.

అరుద్దామని ఆవిడ నోరు తెరిచింది. అంతలో ఆయన గేటు దాటి ఎదురింటికి వెళ్ళాడు. ఎదురింటావిడకి ఏదో చెబుతూ, వేళ్ళతో గిల్లుతున్నట్టు చూపించాడు.

ఇంటావిడ తెరిచిన నోరు మూసుకుంది.

"చూశారా! ఆవిడే పురమాయించింది. పనైపోయిందని చెప్పడానికి వెళ్ళాడు."

"ఆయన్నే అడగరాదూ?" అన్నాడు భర్త.

"అడిగితే గొడవవుతుంది. గొడవైతే ఒక్క పూటలో చల్లారిపోతుంది. నాకంత తొందరేం లేదు."

మిగిలిన ఒక్క మొగ్గ చుట్టూ ఇనుప వల కట్టింది.

సాయంత్రం ముత్యాలాయన ఆ వల చూసి ఆగాడు. "మంచి పని చేశారమ్మా. పిట్టలు పొడుస్తాయి."

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. చేసిందంతా చేసి పైగా వెటకారం!

ఆ రోజు నుంచి ఆయన ఒంటికి సబ్బు పట్టించే వేళకి సరిగ్గా పైవాటాకి నీళ్ళు ఆగిపోయేవి. ఆయన తెల్లచొక్కాలు ఆరేసిన చోటే ఆవిడకి కాళ్ళు తుడుచుకునే పట్టాలు దులపాలనిపించేది.

ఆయన ఆ చొక్కాలు మళ్ళీ ఉతికి అక్కడే ఆరేసేవాడు. అది చూస్తే ఆవిడకి ఇంకా మంట.

ఒక రోజు దుప్పట్లు ఆరెయ్యడానికి డాబా ఎక్కింది. మూల ఒకే ఒక్క కుండీ. డాలియాయే. దానికీ ఒకటే మొగ్గ, నిమ్మకాయంత. కాడని కర్రకి మెత్తటి గుడ్డపీలికతో కట్టి, పైన నల్లగొడుగు నీడ పెట్టాడు.

"ఊరి మొగ్గలు గిల్లేవాడికి దక్కింది ఒక్కటే. బాగా అయింది," అనుకుంది.

అక్కడితో ఆగితే ఆవిడ ఆవిడే కాదు. పోటీ వారంలోకి వచ్చాక వంటింటి కత్తెర తీసుకుని మళ్ళీ పైకి వెళ్ళింది. కొత్తిమీర కట్ట కోసినంతసేపైనా పట్టలేదు.

ఆ పూట భర్త కాఫీలో చక్కెర రెండు చెంచాలు పడింది.

మర్నాడు ముత్యాలాయన చిన్న పెట్టె చంకన పెట్టుకుని కిందికి వచ్చాడు. ఒక చేతిలో గొడుగు, మరో చేతిలో మొగ్గ.

"అయ్యో, ఏమైందండీ?" అంది ఇంటావిడ, బుగ్గలు నొక్కుకుని.

"గాలి," అన్నాడాయన, ఏటవాలుగా నున్నగా తెగిన కాడ వంక చూస్తూ.

తరవాత గొడుగు ముందుకు చాపాడు. "మధ్యాహ్నం ఎండ తగిలితే రేకులు మాడతాయమ్మా. మీదానికి కట్టండి. నాకిక అక్కర్లేదు. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నాను."

ఏ ఊరని ఆవిడ అడగలేదు. గొడుగు మాత్రం నాలుగుసార్లు విప్పి, మూసి, వాసన చూసింది. ఏ మోసమూ కనిపించక కట్టింది.

పోటీ రోజు హాలంతా పూలే. ఎదురింటావిడ పన్నెండు పూలు తెచ్చింది, ఒక్కొక్కటీ చొక్కా గుండీకి పెద్దన్నలా ఉంది. ఇంటావిడది ఒక్కటే పువ్వు. అన్నం కంచమంత.

జడ్జిగారు కొలబద్ద పెట్టి కొలిచి, కళ్ళజోడు తీసి మళ్ళీ కొలిచింది. "పక్క మొగ్గలు ఎప్పుడు తీశారమ్మా?"

"నేను తియ్యలేదండీ. మా పైవాటా ఆయన కక్షకట్టి గిల్లేశాడు."

జడ్జిగారు నవ్వింది. "అలాంటి కక్ష నా మీదా ఎవరైనా కడితే బావుణ్ణు! పక్క మొగ్గలు తీసేస్తేనే మొక్క బలమంతా నడిమిదానికి చేరేది. చెయ్యి తిరిగినవాడికి గానీ ఏది ఉంచాలో తెలీదు."

"ఆ ముసలాయనేనా?" అంది ఎదురింటావిడ. "నా మొక్కకీ గిల్లిపెడతానని వచ్చాడు. పిచ్చేమోనని గేటు వేసేశాను."

ఇంటావిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతలో వెండి కప్పు తెచ్చి చేతిలో పెట్టారు.

"ఇది తొమ్మిదేళ్ళుగా ఒకాయన దగ్గరే ఉండిపోయింది," అంది జడ్జిగారు. "మొన్న ఆయనే తళతళా తోమి తెచ్చిచ్చి, ఈ ఏడు ఇది ఇంకొకరిదని చెప్పి వెళ్ళారు. మీ పేరు పదో వరుసలో చెక్కిస్తాం."

ఇంటావిడ కప్పుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

పైనున్న తొమ్మిది వరుసల్లోనూ, ఆవిడ అద్దెకాగితం మీద రాయించుకున్న పేరే ఉంది.