గోడల వెలుగులో పాప

ఆ అపార్ట్‌మెంట్లకు కిటికీలు లేవు, గోడలే ఎల్‌ఈడీ దీపాలు. వాటిలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు ఎంతెంత వెలగాలో అవే చూసుకుని, జ్వరంతో మూలుగుతున్నవాళ్ళని కూడా పెళ్ళికళతో చూపిస్తాయి.

"పాప రెండ్రోజులుగా పాలు తాగట్లేదు సిస్టర్, ఒకటే నిద్ర," అంది బాలింత ప్రసూన.

"గులాబీలా ఉంది, దీనికి జబ్బేంటి?" అంది ఆమె తల్లి తాయారు.

నర్సు సువార్త పాపని లిఫ్టులో కిందికి తీసుకెళ్ళి నీరెండలో చూసింది. ఒళ్ళంతా పసుపుపచ్చగా ఉంది.

"పొద్దున నలుగులో పసుపు కలిపానమ్మా, సరిగా కడగలేదేమో," అంటూ వెంట వచ్చిన తాయారు కొంగుతో పాప బుగ్గ తుడిచింది. మళ్ళీ తుడిచింది.

సువార్త పాప కనురెప్ప మెల్లగా పైకెత్తింది. తెల్లగా ఉండాల్సిన చోటా అదే రంగు.

"కళ్ళల్లో కూడా రాశారా, పెద్దమ్మా?"