ఒక్క మొహం ఫ్లెక్సీ

గిటారు, డ్రమ్ములు, వేణువు, తప్పెట అన్నీ తానే వాయించి, రాక్ నుంచి ఖవ్వాలీకీ, ఆడినుంచి చెక్కభజనకూ దూకే ఆల్బమ్ ఒకటి చేసినాడు యోగానంద. ఇంతవరకూ విన్నవాడు లేడు. ఆదివారం ప్రొద్దుటూరులో వినిపిస్తానని ఫ్లెక్సీ వేయించబోయినాడు.

"ఒక్క మొహమే పెడితే సంతాపం ఫ్లెక్సీ అనుకుంటారప్పా. తక్కినోళ్ల ఫోటోలు ఇయ్యి," అన్నాడు షాపు నూర్ అహ్మద్.

"తక్కినోళ్లు యాడుండారు మామా? అంతా నేనే."

ఆదివారం హాలు నిండింది. జమ్మలమడుగు నుంచి కూడా వచ్చినారు. తలలు వంచుకుని నలభై నిమిషాలు విన్నారు. పాటలో డ్రమ్ములు మోగేకాడ ఇద్దరు కండ్లు తుడుచుకున్నారు.

చివర్న ఒక పెద్దాయన ఫ్లెక్సీ చూసి, యోగానంద చెయ్యి పట్టుకున్నాడు.

"అచ్చం నీ మాదిరే ఉండాడు పాపం. నాయనా, మీ అన్ననా?"

యోగానంద ఫ్లెక్సీ వైపు చూసినాడు.

"అన్నే తాతా. బతికుండగా ఒక్కరూ వినలేదు."