గుర్తు పెట్టుకుని పీల్చే ఊపిరి

ఏఐ రూపొందించిన అణువును అక్క ఆ సాయంత్రమే తమ్ముడికి ఇంజెక్షన్‌గా ఇచ్చేసింది. నరాల నొప్పితో వాడు మెలికలు తిరుగుతుంటే చూడలేకపోయింది. ఆ అణువు నొప్పి పుట్టించే పాడైన ప్రొటీన్‌కు మాత్రమే అతుక్కోవాలి. కంప్యూటర్ తెర మీద ఆ రెండూ కాజాలో బొత్తాం ఇమిడినట్టు ఇమిడిపోయాయి. అందుకే ఆరోగ్యవంతుల రక్తంతో చేయాల్సిన చివరి పరీక్షను తర్వాతకు నెట్టేసింది.

రాత్రి పదకొండుకు తను పనిచేసే ల్యాబ్‌లో ఒంటరిగా ఆ పరీక్షకు కూర్చుంది. అక్కడి అలవాటు ప్రకారం పరీక్ష ఎవరు చేస్తే రక్తం వాళ్లదే. వేలు గుచ్చుకుని ఒక బొట్టు వేసింది. ఆరోగ్యవంతుల రక్తంలో అణువు దేన్నీ అంటుకోకూడదు, యంత్రం మీద గీత కదలకూడదు.

గుర్రుమంటున్న ఫ్రిజ్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో గీత నిటారుగా పైకి లేచింది. అంటే అణువు మంచి ప్రొటీన్‌కూ అతుక్కుంటోంది.

ఇంట్లో ఒంటరిగా ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఏరా, ఎలా ఉంది?"

"నొప్పి మాయం. నీ కంప్యూటర్‌కి దండం పెట్టాలి."

"ఇంకేమైనా తేడాగా ఉందా? దాచకుండా చెప్పు."

"నవ్వకూడదు మరి. ఊపిరి దానంతటది ఆడట్లేదక్కా. గుర్తు పెట్టుకుని పీల్చాల్సొస్తోంది. మర్చిపోతే ఆగిపోతోంది."

బల్ల మీది ఇంకో ఫోన్‌లో అంబులెన్స్‌ను పిలిచింది. ఇరవై నిమిషాలు పడుతుందన్నారు.

"నాతో మాట్లాడుతూనే ఉండరా. పీల్చు. వదులు."

"సరే టీచరమ్మా."

అవతల పొడవాటి ఆవులింత వినిపించింది.

"అక్కా, కళ్లు మూతలు పడుతున్నాయి. ఒక్క ఐదు నిమిషాలు పడుకుని లేస్తా."