పీత పేరు ఎత్తని సన్మానం

దమ్ముంటే ఇది నమ్ము చూద్దాం. గిజిగాడి గూళ్లు గాలికి కొట్టుకుపోకుండా ఆపేది లోపల మెత్తిన తడిమట్టి. మూడేళ్లుగా ఆ మట్టి తవ్వి ఇస్తోంది పీత మామే.

గొప్ప గూళ్లు కడతాడని నిన్న కాలవగట్టు మీద గిజిగాడికి శాలువా కప్పారు. వాడు మైకు పట్టుకుని నెమలిగారికి థాంక్స్, కొంగగారికి థాంక్స్ అంటూ ఒకటే ఊదరగొట్టాడు. వాళ్లు ఏనాడూ ఒక్క పుల్ల తెచ్చిన పాపాన పోలేదు.

నలుగురిలో తన పేరు చెప్తే మిగతా పిట్టలు కూడా మట్టి కోసం వస్తాయని పీత మామ ముందు వరసలో కూర్చున్నాడు. పేరు రాలేదు. ఒళ్లు మండి, అడ్డంగా నడుచుకుంటూ స్టేజీ ఎక్కేశాడు.

"ఏరా, నేను గుర్తు రాలేదా?"

గిజిగాడు మైకుకి రెక్క అడ్డం పెట్టి గొణిగాడు. "గుర్తున్నావు మామా, అందుకే చెప్పలేదు. చెప్తే అందరూ నీ దగ్గరికే వస్తారు. ఇంక నా గూడు గొప్పేంటి?"

పీత మామ మైకు లాగేసుకున్నాడు. "అందరూ వినండి. వీడి గూళ్లలో మట్టి నాది. కావాల్సినోళ్లు రేపు పొద్దున్నే మా బొరియ దగ్గరికి రండి. వీడు తప్ప."

సగం పిట్టలు అప్పుడే లేచి, బొరియ ఎటువైపని అడుగుతున్నాయి. గిజిగాడేమో ఆ శాలువాలో మొహం దాచుకుని... ఆగు, మా అమ్మ పిలుస్తోంది.